కాగితం పూల కింద అప్పగింతల పాట

ఆ రోజుల్లో అని మొదలుపెట్టబోయి ఆగాను. లెక్క చూస్తే మూడేళ్ళయింది, అంతే. మూడేళ్ళ కిందటి సంగతికి అంత పెద్ద మాట వాడితే మా అమ్మమ్మ వయసు వాళ్ళు ఒప్పుకోరు. కానీ పిల్ల పుట్టాక కాలం మధ్యలో ఎవరో గోడ కట్టినట్టయింది నాకు. గోడకు అటువైపున్నవన్నీ ఆ రోజులే. అటువైపున్న నేను కూడా ఇప్పటిలాగే భయస్తురాలినే. కాకపోతే అప్పటి భయాలను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పటి భయాలకు (ఇందాకే లేచి వెళ్ళి, రెండున్నరేళ్ళ పిల్ల సరిగ్గా ఊపిరి పీలుస్తోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను) ఎప్పుడు నవ్వొస్తుందో ఇంకా తెలీదు. పిల్ల పడుకున్నాక దొరికే ఈ కాస్త సమయంలో, నవ్వొచ్చేదాన్నే రాస్తాను.

పెళ్ళయి ఖతార్ వచ్చిన కొత్తలో ఏడాదిన్నర దోహాలో, నజ్మా అనే పేటలో, ఒక గదిలో ఉన్నాం. గది కింద, ఊళ్ళకు డబ్బు పంపే ఎక్స్ఛేంజి, దాని పక్కన మలయాళీ హోటలు. మా ఆయన సైట్లో సేఫ్టీ ఆఫీసరు, తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఎమ్మెస్సీ చదివిన నేను ఆ గదిలో కూర్చుని, కింది నుంచి వచ్చే వాసనను బట్టి టైము చెప్పడం నేర్చుకున్నాను. పరోటా అయితే ఎనిమిది, చేపల పులుసయితే ఒంటిగంట, మళ్ళీ పరోటా అయితే మా ఆయన వచ్చే వేళ. రోజంతా నాతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటే, అది కూడా అరబ్బీలో. ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేసి ‘దుబాయ్‌ల ఏం చేస్తున్నవ్ బిడ్డా’ అంటే, ఇది దుబాయ్ కాదని చెప్పే ఓపిక కూడా పోయింది. సరిగ్గా అలాంటప్పుడు ఉద్యోగం దొరికింది. అది పోతే మళ్ళీ ఆ గదే, ఆ వాసనలే. మిగతాదంతా చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, నేను మరీ పిచ్చిదాన్నని మీకు అనిపించదు.

అది ఒక జపాన్ కంపెనీకి చెందిన చిన్న ఆఫీసు. అల్ ఘర్రాఫాలో ఒక విల్లా అద్దెకు తీసుకుని నడిపేవాళ్ళు. మొత్తం తొమ్మిది మందిమి. నా పని డ్రాయింగులకు నంబర్లు వేసి, ముద్ర కొట్టి, ఏది ఎవరికి పోయిందో రాసిపెట్టడం. మా మేనేజరు యాభై దాటిన జపాన్ ఆయన. వాళ్ళు పేరు చివర గౌరవానికి ‘సాన్’ అంటారు, మనం ‘గారు’ అంటాం. రెండూ పెడితే ఇంకా గౌరవం కదా అని మేం ముగ్గురు తెలుగు తెలిసినవాళ్ళం ఆయన్ని చాటుగా సాన్‌గారు అనేవాళ్ళం. మెత్తటి మనిషి. కష్టమైన మాట ఏదైనా చెప్పాల్సి వస్తే మిరపకాయ కొరికినట్టు పళ్ళ మధ్య నుంచి ‘స్స్’ అని గాలి పీల్చి, చాలాసేపు ఆలోచించి, చివరికి చెప్పకుండా వెళ్ళిపోయేవారు. తెలుగు తెలిసిన మిగతా ఇద్దరిలో ఒకరు ఆపా, అంటే ఉర్దూలో అక్క. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఆఫీసు వ్యవహారాలన్నీ ఆమె చేతిలోనే. ఇంకొకరు కాకా. జగిత్యాల వైపు ఊరు, పన్నెండేళ్ళుగా ఆ కంపెనీకి వచ్చిన జపాన్ మేనేజర్లందరినీ కారులో తిప్పినవాడు. పొద్దున నన్నూ ఆపానూ ఎక్కించుకుని వచ్చేదీ, సాయంత్రం దింపేదీ ఆయనే.

చేరిన మొదటి రోజే ఆపా నా కుర్చీ వైపు చూపించి, ‘నీకన్నా ముందు ఇక్కడ కూర్చున్న పిల్ల కడుపుతో ఉండి పోయింది బేటా, మళ్ళ రాలే’ అంది. ఊరికే ఏదో మాట కలపడానికి అన్న మాట. నేను మాత్రం దాన్ని ఆఫీసు రూలులాగా గుండెల్లో రాసుకున్నాను. ఆరు నెలల ప్రొబేషన్‌లో నాలుగో నెల నడుస్తుండగా నాకూ నెల తప్పింది. అమ్మకు ఫోన్ చేస్తే సంతోషం ఒక నిమిషం, హెచ్చరిక ఇరవై నిమిషాలు. ‘ఐదో నెల పడేదాక నోరిప్పకు. ఆఫీసుల గీఫీసుల చెప్పుకుంటవ్, దిష్టి తగుల్తది. మీ పెద్దమ్మ బిడ్డ గిట్లనే చెప్పుకుంట తిరిగింది’ అంది. (మా పెద్దమ్మ కూతురికి ఏమీ కాలేదు, కవలలు పుట్టారు. అమ్మ దృష్టిలో అదే దిష్టి.) అమ్మకు దిష్టి భయం, నాకు ఉద్యోగం భయం. రెండూ కలిసి నా నోటికి గట్టిగా తాళం వేశాయి.

అలా వణుకుతూ ఉండగా మార్చి నెల వచ్చింది. మార్చి వస్తే సాన్‌గారు కూనిరాగాలు తీస్తారు. డ్రాయింగులు చూస్తూ, టీ కలుపుకుంటూ, లెక్కకు మిక్కిలి పాటలు. ‘కార్ల గూడ అవ్వే పాటలు బిడ్డా. ఒక్కటి అయిపోతె ఇంకొకటి. అన్నిట్ల ‘సకురా సకురా’ అంటనే ఉంటరు. సకురా అంటె చెర్రీ పువ్వట’ అని కాకా చెప్పాడు. వాళ్ళ దేశంలో ఆ పూలు పూసే వారం పది రోజులూ జనం చెట్ల కింద పట్టాలు పరుచుకుని తింటారట, పాడతారట. దోహాలో చెర్రీ చెట్టు ఎక్కడ దొరుకుతుంది. అందుకని విల్లా గేటు పక్కన గోడంతా అల్లుకుని గులాబీ రంగులో పూసే కాగితం పూల చెట్టునే సకురా అనుకుని, ఏటా నెలాఖరున సాన్‌గారు దాని కింద చిన్న పార్టీ పెట్టేవారు. ప్రతి ఒక్కరూ ఒక పాట పాడాలి. ఆ ఏడు ఉగాది మర్నాటి నుంచే రంజాన్ ఉపవాసాలు మొదలయ్యేట్టున్నాయని పార్టీ ముందుకు జరిపారు. సరిగ్గా ఉగాది రోజుకు.

నాకు అదొక శకునంలా తోచింది. ప్రొబేషన్ ఇంకా రెండు నెలల పైనే ఉంది. కడుపు కనబడేలోపు ఉద్యోగం గట్టి చేసుకోవాలి. అందరూ వాళ్ళ వాళ్ళ భాషల్లో పాడతారు గనక నేను జపాన్ పాటే పాడితే, అదీ సాన్‌గారికి ఇష్టమైన వసంతం పాట, ఇక నన్ను ఎవరు తీసేస్తారు. ఇంటర్నెట్లో వెతికితే పువ్వుల పాటలు కొల్లలు. ఒకటి ఎంచుకున్నాను. వీడియోలో స్కూలు డ్రెస్సు వేసుకున్న అమ్మాయిలు, రాలుతున్న పూలు, ఒక రైల్వే స్టేషను, అందరూ నవ్వుతూ చేతులు ఊపుతున్నారు. రమ్మని ఊపుతున్నారనుకున్నాను. వసంతం అంటే మనకు ఉగాది, కొత్త చింతపండు, కొత్త బట్టలు, వచ్చేవన్నీ వచ్చే కాలం. ఇంకో రకంగా ఉండవచ్చని నాకు తోచనే లేదు. పాటలోని ఒక్కొక్క మాటా విని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. రాశాక చూస్తే ప్రతి మాటా మన మాటలాగే అచ్చులతో ముగుస్తోంది. అంత సులువుగా నోటికి వచ్చిన పాటకు అర్థం కూడా సులువుగానే ఉండి ఉంటుందని వదిలేశాను. అర్థం వెతకడానికి పట్టే రెండు నిమిషాల్లో ఇంకోసారి పాడుకోవచ్చు కదా.

మూడు వారాలు స్నానాల గదిలో నీళ్ళు వదిలి సాధన చేశాను. మా ఆయన తలుపు బయట నిలబడి విని, ‘మంచిగనే ఉన్నది గని, నువ్వు పాడుతుంటే ఎందుకో ఇంటికి పోవాలనిపిస్తుంది’ అన్నాడు. డ్యూటీ అలసట అనుకున్నాను. అమ్మ ఫోన్లో విన్నది. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, ‘ఏం పాటనే అది, అప్పగింతల పాట లెక్కున్నది. పండుగ పూట గది పాడుతవా?’ అంది. అమ్మకు పాటల గురించి ఏం తెలుసులే అనుకున్నాను. ఊళ్ళో నలభై పెళ్ళిళ్ళకు అప్పగింతల పాట పాడిన మనిషి గురించి నేను అనుకున్న మాట అది.

ఉగాది రోజు తెల్లవారుజామునే లేచి భక్ష్యాలు చేశాను. గిన్నెలో పెట్టి తీసుకుపోతానంటే మా ఆయనలోని సేఫ్టీ ఆఫీసరు ఒప్పుకోలేదు. ‘తొమ్మిది మంది తొమ్మిది చేతులు పెడ్తరు, ఒక్కొక్కటి వేరే చుట్టు’ అన్నాడు. ఒక్కొక్క భక్ష్యాన్ని వెండి కాగితంలో చుట్టి, విప్పుకోకుండా పైన స్టిక్కరు అంటించాను. ఇంట్లో ఉన్నవి ‘థాంక్యూ’ స్టిక్కర్లే. ఆఫీసులో అందరి బల్లల దగ్గరికీ వెళ్ళి రెండు చేతులా ఒక్కొక్కటి ఇచ్చాను. సాన్‌గారు ఆ పొట్లం అందుకుని, స్టిక్కరు చదివి, ‘స్స్’ అన్నారు. తర్వాత చాలాసేపు నా మొహం చూశారు.

‘ఇవాళేనా?’ అని అడిగారు మెల్లగా.

‘అవును సార్, ఇవాళే’ అన్నాను హుషారుగా. ‘మాకు ఇవాళ్టి నుంచి కొత్త జీవితం మొదలు సార్.’

‘కొత్త జీవితం’ అని ఆయన తల ఊపారు. ‘ఇంట్లోవాళ్ళు కూడా సంతోషంగా ఉన్నారా?’

‘చాలా సంతోషంగా ఉన్నారు సార్.’

ఆయన లేచి నిలబడి నడుము వంచి నమస్కారం చేశారు. మన పండుగకు ఎంత మర్యాద ఇచ్చారని నా కళ్ళు చెమ్మగిల్లాయి. నేనూ వంగాను. వంగితే కడుపులో తిప్పింది.

సాయంత్రం కాగితం పూల చెట్టు కింద, సైటు నుంచి తెచ్చిన నీలం టార్పాలిన్ పరిచి, చెప్పులు వరుసగా బయట విడిచి కూర్చున్నాం. ఆపా పెళ్ళిళ్ళలో పాడే దక్నీ ఉర్దూ పాట పాడింది. కాకా బతుకమ్మ పాట ఎత్తుకున్నాడు. అది ఆడవాళ్ళ పాట కదా కాకా అంటే, ‘ఈడ ఎవలికి తెలుసు బిడ్డా, నువ్వు సప్పట్లు కొట్టు’ అన్నాడు. తర్వాత నా వంతు. నిలబడి కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. రెండో వరుసకే చుట్టూ వాళ్ళ కబుర్లన్నీ ఆగిపోయాయి. మెచ్చుకోలు అనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే సాన్‌గారు చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని నేల చూస్తున్నారు. ఆయన పక్కనున్న ఇద్దరు జపాన్ ఇంజనీర్లలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నాలో ఇంత కళ ఉందని నాకే తెలీదే అనుకుంటూ, వీడియోలో అమ్మాయిల్లాగే చెయ్యి కూడా ఊపాను. చివరి మాట దీర్ఘం తీసి ముగించానో లేదో, ఎవరో పక్కన చిన్న స్టవ్ మీద ఎండు చేప కాల్చడం మొదలుపెట్టారు. ఆ వాసన తగిలిందంతే. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో లోపలికి పరుగెత్తాను. వాష్‌బేసిన్ మీద వంగి నేను అనుకున్నది ఒక్కటే: అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది.

మర్నాటి నుంచి రంజాన్. ఆఫీసు వేళలు తగ్గాయి, పగలు ఎవరూ తినరు. నేను తినకపోయినా ఎవరికీ అనుమానం రాదని ఒక పక్క ఊరట, ఆకలితో కడుపు తిప్పితే ఏం చేయాలో తెలియక ఇంకో పక్క నరకం. ఫైళ్ళ గదిలో బీరువా వెనక నిలబడి ఉప్పు బిస్కెట్లు చప్పుడు కాకుండా నానబెట్టి మింగేదాన్ని. అలా ఒక బిస్కెట్టు నోట్లో ఉండగానే సాన్‌గారు తలుపు దగ్గరికి వచ్చారు. నేను నోరు మూసుకున్నాను. ఆయన నా మూసిన నోటినీ, నిండిన కళ్ళనూ చూసి ఇంకా మెత్తబడ్డారు.

‘తొందరేమీ లేదు. మీరు చేసే పని అంతా ఒక్కొక్క మెట్టుగా రాసి పెట్టగలరా? మీ తర్వాత వచ్చేవాళ్ళకు ఇబ్బంది లేకుండా’ అన్నారు.

నోట్లో బిస్కెట్టుంది. తల మాత్రం ఊపాను.

నా తర్వాత వచ్చేవాళ్ళు. ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. ఒకే డ్రాయింగుకు రెండు నంబర్లు వేశాను. మరుసటి రోజు ఆపా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ‘సార్ నేర్చుకోమన్నడు, చూపించు’ అంది. ఆపా గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. అది ఇంకా భయపెట్టింది. ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తూ, చివరికి ఉండబట్టలేక, ‘ఆపా, మీకు సంగతి తెలుసా?’ అన్నాను.

‘తెలుసు. నాకు చెప్పాల్సింది నువ్వు. సార్ నోటి నుంచి వినాల్సి వచ్చింది. నాలుగు నెలల నుంచి ఒక్క కారులో వస్తున్నాం బేటా, నేను నీకు ఏమీ కానా?’

‘మా అమ్మ చెప్పొద్దంది ఆపా.’

‘అమ్మీజాన్ చెప్పొద్దంటే నేనేం మాట్లాడేది. ఖుష్ ఉండు. టెన్షన్ నక్కో లే, పరేషాన్ కాకు’ అని మొహం స్క్రీను వైపు తిప్పుకుంది. నేను నా గర్భం గురించి మాట్లాడుతున్నాను. ఆమె దేని గురించి మాట్లాడుతోందో నాకు తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది.

ఆ పది రోజులూ నేను బతికిన బతుకు చెప్పుకోదగ్గది కాదు. నేను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకసారి సాన్‌గారి బల్ల మీద చతురస్రంగా ఉన్న తెల్లటి అట్ట చూశాను. మధ్యలో నా పేరు, చుట్టూ గుండ్రంగా ఎవరెవరివో రాతలు. నేను చూడగానే కళ్ళద్దాల జపాన్ ఇంజనీరు దాని మీద హెల్మెట్ పెట్టేశాడు. మా ఆయనతో చెబితే, ‘ఊకె ఊహించుకుంటవెందుకు, పోయి అడుగు. సైట్ల గిట్ల అనుమానముంటె మేం పని ఆపి అడుగుతం’ అన్నాడు. అడిగితే ‘అవును, మిమ్మల్ని తీసేస్తున్నాం’ అంటారు. అడగకపోతే కనీసం ఇంకో రోజు ఉద్యోగం ఉంటుంది. అలా రోజుకొక రోజు చొప్పున బతుకు లాక్కొస్తుండగా ఒక మధ్యాహ్నం ఇంటికి దింపుతూ (ఆపా ఆ రోజు రాలేదు), సిగ్నల్ దగ్గర కారు ఆపి కాకా అడిగాడు.

‘ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా?’

‘ఎక్కడికి కాకా?’

‘ఎక్కడికేంది. సారు నిన్న కార్ల నువ్వు పాడిన పాటనే పెట్టుకొని కండ్లు తుడుసుకున్నడు. అంత మంచి పిల్లను ఆపలేకపోయిన అని ఫోన్ల ఎవరితోటో చెప్పుకున్నడు. ఆల్ల భాష నాకు అంతగనం రాదు గని, అంతమటుకు సమజయితది.’

నన్ను తీసేయమని పైవాళ్ళు చెప్పారన్నమాట. ఆయన ఆపబోయి ఓడిపోయారన్నమాట. ఇంటికి వెళ్ళి లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకున్నాక అది అరబ్బీలో ఏదో అంది. ఇక రోజూ నాతో మాట్లాడేది ఇదొక్కటేనన్న ఆలోచన రాగానే, అమ్మ దిష్టిని అమ్మకే వదిలేసి, రేపు నోరు విప్పుదామని నిశ్చయించుకున్నాను.

పొద్దున సాన్‌గారి గది తలుపు కొట్టి, కూర్చోకుండానే గడగడా చెప్పేశాను. ‘సార్, నాకు మూడో నెల. దాచిపెట్టడం తప్పే. కానీ ఎనిమిదో నెల దాకా పని చేయగలను. డాక్టరు కూడా ఏం పర్లేదన్నారు. బిడ్డ పుట్టాక కూడా వస్తాను. ఒక్క అవకాశం ఇవ్వండి, నన్ను తీసేయకండి.’

ఆయన గాలి పీల్చడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. ‘తీసేయడమా’ అన్నారు చివరికి. ‘మీరు కదా వెళ్ళిపోతున్నది?’

‘నేనా?’

‘మిఠాయి ఇచ్చారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. థాంక్యూ అని రాసి.’

‘అది మా పండుగ సార్.’

‘కొత్త జీవితం అన్నారు.’

‘అది కూడా పండుగే సార్.’

‘పాట పాడారు’ అని ఆగారు. ఇది మాత్రం కాదనలేరు కదా అన్నట్టుంది ఆయన మొహం. ‘ఆ పాట పాడి, చెయ్యి ఊపి, ఏడుస్తూ వెళ్ళిపోయారు.’

‘అది చేప సార్’ అన్నాను.

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి, నేను నోరారా పాడిన పాటకు ఒక్కొక్క వరుసా అర్థం చెప్పారు. బడి వదిలిపోతున్న పిల్ల ఆ గేటును, ఆ స్నేహితులను మర్చిపోనని చెప్పే పాటట అది. రైలు కదులుతోందట. పూలు రాలుతున్నాయట. నేను ఊపిన చెయ్యి, ఇక సెలవు అని ఊపే చెయ్యి. ‘మా దగ్గర మార్చితో అన్నీ అయిపోతాయి. బడి, ఆఫీసు సంవత్సరం, ట్రాన్స్‌ఫర్లు, అన్నీ. ఏప్రిల్లో కొత్తవి. ఆ రెండిటి మధ్య వారం రోజులు ఈ పూలు ఉంటాయి. అందుకని మా పువ్వుల పాటల్లో చాలా వరకు వీడ్కోళ్ళే. ఆఫీసు వదిలి వెళ్ళేవాళ్ళు చివరి రోజు చిన్న మిఠాయి పొట్లాలు పంచుతారు. మీరు మా పద్ధతులన్నీ ఇంత బాగా తెలుసుకుని, మా పద్ధతిలోనే సెలవు తీసుకుంటున్నారని, నేను’ అని ఆగి, బల్ల మీది పెన్ను సరిచేసి పెట్టారు. ‘ఎందుకు వెళ్తున్నారని అడగడం మర్యాద కాదు కదా.’

‘మా దగ్గర వసంతంలో ఎవరూ పోరు సార్. అందరూ మొదలుపెడతారు’ అన్నాను, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

కథ అక్కడితో అయిపోలేదు, అసలు చిక్కు అప్పుడే తెలిసింది. నేను మానేస్తున్నానని ఆయన జపాన్‌కు రాసేశారు. వాళ్ళు ఆమోదించేశారు కూడా. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి పైకి పోయిన కాగితాన్ని వెనక్కి తీసుకోవడమంటే ఆయనకు ఎంత తలవంపులో నాకు ఆ నాలుగు నెలల్లో తెలుసు. నంబరు తప్పు పడిన డ్రాయింగుకే మూడు పేజీల సంజాయిషీ రాసే మనిషి. ఆయన నా ఎదుటే కూర్చుని ఉత్తరం టైపు చేశారు. ఒక్కొక్క వాక్యానికీ ఒక ‘స్స్’. ఒక చోట చాలాసేపు ఆగిపోయారు. ఏమైంది సార్ అంటే, ‘ఇక్కడ పొరపాటుకు కారణం రాయాలి’ అన్నారు. చివరికి ఒకే ఒక్క జపాన్ అక్షరం కొట్టి, తల తిప్పి నాకు అర్థం చెప్పారు. కారణం: చెర్రీ పూలు. జవాబు రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆరో రోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, గాలి పీల్చకుండా, ఒక్క గుక్కలో, ‘మీరు ఉండవచ్చు’ అన్నారు. ఆ పూటే బీరువా వెనక నుంచి బయటికి వచ్చి, ఆపా అనుమతితో, నా కుర్చీలోనే బిస్కెట్లు తిన్నాను.

‘పన్నెండేండ్ల సంది వీళ్ళను తిప్పుతున్న’ అన్నాడు కాకా తర్వాత. ‘ఒక్కొక్కలకు మిఠాయి ఇచ్చిండ్రంటె పెట్టె సదిరినట్టే.’

‘మరి నాకు ముందే చెప్పొద్దా కాకా?’

‘ఇచ్చింది నువ్వే గద. ఇచ్చినదానికి తెల్వదా ఎందుకిచ్చిందో?’

ఆపా మాత్రం వారం రోజులు ఎత్తిపొడుస్తూనే ఉంది. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్న పిల్లను ఎవరూ తీసేయలేదట. భర్తకు మస్కట్‌లో నౌకరీ దొరికితే పోయిందట. మీరు ఆ ముక్క చెప్పలేదు కదా ఆపా అంటే, ‘నువ్వు అడగలే, నేను చెప్పలే. ఈ ఆఫీసులో అడిగేటోళ్ళు ఎవరున్నారు’ అంది.

ఎనిమిదో నెల వచ్చేసరికి ఆగస్టు. బయట అడుగు పెడితే కళ్ళద్దాలు మసకబారే ఉక్క. ఆ రోజు నిజంగానే సెలవు మీద వెళ్తున్నాను. పొద్దుటి నుంచీ ఎదురు చూశాను గానీ ఎవరూ ఏమీ అనలేదు. కళ్ళద్దాల జపాన్ ఇంజనీరు నా కడుపు వంకా నా సంచి వంకా చూసి, ఏదీ ఊహించుకోదలచుకోనివాడిలాగా తల దించుకున్నాడు. చివరికి నేనే సాన్‌గారి దగ్గరికి వెళ్ళి, ‘సార్, ఇవాళ వెళ్తున్నాను’ అన్నాను. ఆయన అనుమానంగా చూసి, ‘అది ఒక కాగితం మీద రాసి ఇవ్వగలరా?’ అన్నారు. రాసిచ్చాను. అప్పుడు సొరుగులోంచి ఆ తెల్లటి అట్ట తీసి ఇచ్చారు. ఏప్రిల్ నుంచి దాచి ఉంచారట. పోతున్నాననుకుని వాళ్ళు రాసిన మాటలు, ఉన్నన్నాళ్ళూ ఎవరూ నాతో అనని మాటలు, కారులో చదువుకుంటూ నజ్మా దాకా వెళ్ళాను. కాకా ఏసీ పెంచాడు.

పిల్ల పుట్టిన ఆరో నెలలో మళ్ళీ చేరాను. చేరిన పది రోజులకే, మార్చి నెలాఖరున, సాన్‌గారికి జపాన్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. రంజాన్ కావడంతో తిండీ పార్టీ ఏమీ లేదు. ఆఫీసు వదిలే ముందు అందరం కాగితం పూల చెట్టు కింద ఊరికే నిలబడ్డాం. ఈసారి సరైన సందర్భం కదా, నువ్వే పాడాలని ఆపా నన్ను ముందుకు తోసింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు ప్రతి మాటకూ అర్థం తెలుసు. గేటు అన్న మాట దగ్గరికి రాగానే గేటు కనబడింది, దాని పక్కన కాకా ఎక్కిస్తున్న రెండు పెట్టెలు కనబడ్డాయి. రెండో వరుస దాటలేకపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అక్కడే ఆగిపోయాను. చేప లేదు, వేవిళ్ళు లేవు, చెప్పుకోవడానికి ఏ సాకూ లేదు.

సాన్‌గారు నడుము వంచి నమస్కారం చేసి, ‘మొదటిసారే చాలా బాగా పాడారు’ అన్నారు.

నిజమే. అన్ని భయాలతో, మూడో నెల కడుపుతో, ఒక్క ముక్క అర్థం తెలియకుండా, గోడకు అటువైపున్న ఆ అమ్మాయి పాటంతా ఎక్కడా తడబడకుండా పాడింది.